పాత బల్బుల నుంచి ఎల్‌ఈడీకి: ఏ దీపం ముందు మార్చాలి, ఏం చూసి కొనాలి

60 వాట్ల ఫిలమెంటు బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే ఏడాదికి దాదాపు 110 యూనిట్లు ఖర్చవుతాయి. ఇంచుమించు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి 16 యూనిట్లు చాలు. ఈ లెక్క వినగానే చాలామంది దుకాణానికి వెళ్లి డజను బల్బులు ఒకేసారి తెచ్చేస్తారు. తీరా తెచ్చాక ఒకటి హోల్డర్‌లో పట్టదు, ఒకటి వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్ మీద వణుకుతుంది, పడకగదిలో పెట్టింది ఆస్పత్రి వార్డులా తెల్లగా వెలుగుతుంది. ఎల్‌ఈడీలు బాగోవని తేల్చేసి మళ్లీ పాత బల్బు వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తప్పు ఎల్‌ఈడీది కాదు, ఇంట్లో దీపాలన్నిటినీ ఒకే గాటన కట్టడంలో ఉంది. ఎక్కడి దీపానికి అక్కడి లెక్క వేరు. అందుకే కొనడం చివరి పని, రాసుకోవడం మొదటి పని.

ముందు ఇల్లంతా తిరిగి రాసుకోండి

ఒక కాగితం తీసుకుని గది గదికీ తిరగండి. ప్రతి దీపం దగ్గరా అది ఏ రకమో, ఎన్ని వాట్లో, రోజుకు సుమారు ఎన్ని గంటలు వెలుగుతుందో రాయండి. పక్కనే హోల్డర్ పిన్నుదా స్క్రూదా, దీపం చుట్టూ మూసిన గాజు డోము ఉందా, స్విచ్ మామూలుదా డిమ్మరా అన్నది కూడా రాయండి. అటక మీదా, మెట్ల కిందా, పెరట్లో ఉన్నవాటిని వదలొద్దు.

గంటల విషయంలో మాత్రం నిజాయితీగా ఉండాలి. వాట్లను గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. స్నానాల గదిలో 60 వాట్ల బల్బు రోజుకు పావుగంట వెలిగితే ఏడాదికి ఐదున్నర యూనిట్లే. అదే పడకగదిలో మూలన ఉన్న చిన్న ఫిలమెంటు బెడ్‌లైట్ 15 వాట్లదే అయినా, రాత్రికి 8 గంటల చొప్పున ఏడాదికి దాదాపు 44 యూనిట్లు లాగుతుంది. చూడ్డానికి చిన్నది, లెక్కలో స్నానాల గది బల్బుకు ఎనిమిది రెట్లు. దాని స్థానంలో అర వాటు ఎల్‌ఈడీ బెడ్‌లైట్ పెడితే ఏడాదంతా కలిపి యూనిట్‌న్నర దాటదు.

ఇలా లెక్కేసి, ఎక్కువ యూనిట్లు తినేదాన్ని పైన, తక్కువ తినేదాన్ని కింద పెట్టి వరస కట్టండి. మార్చాల్సిన వరస అదే. రోజుకు మూడు నాలుగు గంటలకు మించి వెలిగే ఫిలమెంటు బల్బును మాడిపోయేదాకా ఉంచడంలో అర్థం లేదు. బాగున్న వస్తువును పారేయడం చాలామందికి మనసొప్పదు, నిజమే. కానీ బల్బు తయారీకి పట్టే శక్తి, అది జీవితకాలంలో తినే కరెంటు ముందు చాలా తక్కువ. దాన్ని వెలిగిస్తూ ఉండటమే అసలు దుబారా. అటక మీద ఏడాదికి నాలుగుసార్లు వేసే బల్బును మాత్రం దాని మానాన వదిలేయవచ్చు, మాడినప్పుడే మార్చుకోండి.

సీఎఫ్‌ఎల్ దగ్గర నా తీర్పు వేరు. 15 వాట్ల సీఎఫ్‌ఎల్ తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే మిగిలేది 6 వాట్లే. బాగా పనిచేస్తున్నదాన్ని తొందరపడి తీయనక్కర్లేదు. అయితే మళ్లీ సీఎఫ్‌ఎల్ మాత్రం కొనకండి. అందులో కొద్దిగా పాదరసం ఉంటుంది, పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం కింద దేశాలు వాటి తయారీనే దశలవారీగా ఆపేస్తున్నాయి.

ఇంత తేడా ఎందుకు?

ఫిలమెంటు బల్బు నిజానికి వెలిగే హీటరు. టంగ్‌స్టన్ తీగను సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే అది వెలుగుతుంది. కానీ ఆ వేడి దగ్గర తీగ విడిచేదంతా దాదాపుగా కంటికి కనిపించని పరారుణ కిరణాలే. కరెంటులో 90 శాతానికి పైగా వేడిగా పోతుంది. ఎల్‌ఈడీలో కాల్చేది ఏమీ లేదు. సెమీకండక్టర్ చిప్ నుంచి నీలి కాంతి వస్తుంది, దానిపైన పూసిన ఫాస్ఫర్ అందులో కొంత భాగాన్ని పసుపు కాంతిగా మారుస్తుంది, రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా, ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ సాధించడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆ పని చేసిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఏసీ నడిచే గదిలో ఇది రెండు విధాల లాభం. పది పాత బల్బులు అంటే 600 వాట్లు. ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ మళ్లీ కరెంటు తినాలి. చలి ప్రాంతాల్లో ఇది కొంత తిరగబడుతుంది. బల్బుల వేడి అక్కడ గదికి కాస్త పనికొస్తుంది కాబట్టి మిగులు కొంచెం తగ్గుతుంది. ఇక వేడి కోసమే పెట్టుకున్న బల్బు, అంటే కోడిపిల్లలను వెచ్చగా ఉంచేదీ, ఓవెన్ లోపలిదీ, ఎల్‌ఈడీకి మార్చకూడదు. మొదటిదానిలో ఎల్‌ఈడీ ఆ పనే చేయలేదు, రెండోదానిలో ఆ వేడికి నాలుగు రోజులు కూడా బతకదు.

వాట్లు మరచిపోయి ల్యూమెన్లు చూడండి

వాటు అంటే తినే కరెంటు, ల్యూమెన్ అంటే ఇచ్చే వెలుగు. పాత రోజుల్లో బల్బులన్నీ ఒకే రకం కాబట్టి వాట్లు చెబితే వెలుగు తెలిసిపోయేది. ఇప్పుడు ఆ అలవాటే మోసం చేస్తుంది. గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు నాలుగే:

40 వాట్ల పాత బల్బుకు సుమారు 450 ల్యూమెన్లు
60 వాట్లకు 800
75 వాట్లకు 1,100
100 వాట్లకు 1,600

మీ కాగితంలో ఉన్న వాట్లకు ఎదురుగా ఈ అంకె రాసుకుని, డబ్బా మీద ల్యూమెన్లు అంతకు తగ్గనిదే తీసుకోండి. ముందు భాగాన పెద్ద అక్షరాల్లో ‘60 వాట్లకు సమానం’ అని ఉన్నా దాన్ని పట్టించుకోకుండా డబ్బా తిప్పి పక్కన చూడండి. 800కి బదులు అక్కడ 600 కనబడితే ఆ డబ్బాను మళ్లీ అరలో పెట్టేయండి. అసలు ల్యూమెన్లే ముద్రించని బల్బు ఎంత చవకైనా నేనైతే ముట్టుకోను.

ఉన్న వెలుగు సరిపోతోందంటే అదే అంకె చాలు. చాలడం లేదనిపిస్తే ఇదే అదను, ఒక మెట్టు పైకి వెళ్లండి, నాలుగైదు వాట్లకు మించి తేడా రాదు. ముఖ్యంగా పెద్దవాళ్లు చదువుకునే చోట. 60 ఏళ్ల కంటిలో రెటీనాకు చేరే కాంతి 20 ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతే. అయితే దీనికి గదంతా దద్దరిల్లే వెలుగు అక్కర్లేదు. కుర్చీ పక్కన 5 వాట్ల దీపం పుస్తకం మీద పడేలా పెడితే, పైకప్పున వెలిగే పెద్ద దీపం కన్నా హాయిగా చదువుకోవచ్చు.

వెలుగు ఎటు పడుతుందో కూడా చూసుకోవాలి. పాత బల్బు అన్ని వైపులా సమంగా వెలిగేది. మామూలు ఎల్‌ఈడీ బల్బుకు కింది సగం ప్లాస్టిక్, వెలుగంతా ముందు వైపుకే. పైకప్పు నుంచి వేలాడే హోల్డర్‌లో అది మేలే. టేబుల్ ల్యాంపులో మాత్రం షేడ్ కింది భాగం చీకటిగా ఉండిపోతుంది. అలాంటిచోట లోపల పసుపు పోగుల్లా కనిపించే ఎల్‌ఈడీ ఫిలమెంటు బల్బు వాడండి, అది చుట్టూ వెలుగుతుంది.

రంగు: గొడవలన్నీ వచ్చేది ఇక్కడే

ఎల్‌ఈడీ పెట్టాక ‘ఇల్లు ఇల్లులా లేదు’ అనేవాళ్ల ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ రంగు గురించే. డబ్బా మీద కెల్విన్‌లలో ఒక అంకె ఉంటుంది. 2,700 అంటే పాత బల్బు లాంటి పసుపు వెలుగు, వార్మ్ వైట్. 4,000 అంటే అటూ ఇటూ కాని తెలుపు. 6,500 అంటే నీలి ఛాయ ఉన్న తెలుపు, కూల్ డేలైట్. అంకె పెరిగేకొద్దీ వెలుగు చల్లగా కనిపిస్తుంది.

పడకగదికీ, సాయంత్రాలు కూర్చునే గదికీ 2,700 నుంచి 3,000. వంటగట్టు, అద్దం ముందు, కుట్టుపని, చదువు బల్ల దగ్గర 4,000. 6,500 ఇంట్లో ఎక్కడా తప్పనిసరి కాదని నా అభిప్రాయం. దుకాణంలో మిగతావాటి పక్కన అదే ఎక్కువ ప్రకాశంగా కనిపిస్తుంది, అందుకే జనం అదే పట్టుకొస్తారు. రాత్రిపూట నీలి భాగం ఎక్కువున్న వెలుగు నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది కాబట్టి పడకగదిలో అది అసలే వద్దు. ఒకే గదిలో రెండు రంగులు కలపకండి. ఒక మూల పసుపు, ఒక మూల తెలుపు వెలుగుతుంటే ఏదో తేడాగా ఉందని అందరికీ అనిపిస్తుంది, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేరు.

కెల్విన్ పక్కనే సీఆర్‌ఐ అని ఇంకో అంకె. వస్తువుల అసలు రంగులు ఆ వెలుగులో ఎంత నమ్మకంగా కనిపిస్తాయో అది చెబుతుంది. పాత బల్బుకు అది దాదాపు 100. ఎల్‌ఈడీకి 80 ఉంటే మామూలు వాడకానికి సరే. అద్దం ముందూ, బట్టలు ఎంచుకునే చోటా 90 పైన వెతకండి. తక్కువ సీఆర్‌ఐ వెలుగులో ముందు చచ్చిపోయేది ఎరుపు. ముఖాలు పాలిపోయినట్టు కనబడేది అందుకే.

హోల్డర్, డోము, డిమ్మర్

నొక్కి తిప్పే పిన్ను హోల్డర్‌ను బి22 అంటారు, స్క్రూలా తిప్పి బిగించేదాన్ని ఇ27 అంటారు. సన్నటి కొవ్వొత్తి ఆకారపు దీపాలకు ఇ14. అంకెలు మిల్లీమీటర్లలో అడ్డకొలత. ఉన్న బల్బు ఒకటి జేబులో వేసుకుని వెళ్తే ఈ తలనొప్పే ఉండదు.

డోము సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఎల్‌ఈడీ ముందుకు వేడి చిమ్మకపోయినా దాని మెడ దగ్గర వేడి పుడుతుంది, అది గాలిలోకి పోవాలి. మూసిన గాజు డోములో పోదు. చిప్ తట్టుకున్నా, చిప్‌కు తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే లోపలి డ్రైవర్ సర్క్యూట్‌లో ఉండే కెపాసిటర్ ఎండిపోయి బల్బు ముందే చస్తుంది. ‘15,000 గంటలన్నారు, ఏడాదికే పోయింది’ అన్న బల్బు ఎక్కడుండేదో అడిగితే చాలాసార్లు జవాబు ఇలాంటి డోమే. మూసిన ఫిట్టింగులకు పనికొస్తుందని డబ్బా మీద రాసినదే అక్కడ పెట్టండి, వీలైతే తక్కువ వాట్లది. వాన తగిలే చోట ఫిట్టింగు మీద దుమ్ము, నీరు చొరబడవని చెప్పే ఐపీ65 గుర్తు ఉందేమో చూసుకోండి.

డిమ్మర్ ఉన్న చోట రెండు షరతులు. బల్బు మీద డిమ్మబుల్ అని ఉండాలి, డిమ్మర్ ఎల్‌ఈడీకి తగినదై ఉండాలి. పాత డిమ్మర్లు వందల వాట్ల బల్బుల కోసం చేసినవి. వాటికి కనీసం ఇంత అని లోడు కావాలి. 9 వాట్ల బల్బు తగిలిస్తే వణుకుతుంది, గుయ్‌మంటుంది, లేదా సగంలో ఆరిపోతుంది. ఎల్‌ఈడీలకు నప్పే ట్రెయిలింగ్ ఎడ్జ్ రకం డిమ్మర్ వేయించుకోవడం అసలైన మందు. వెలుగు తగ్గించే అలవాటే లేకపోతే డిమ్మర్ తీయించి మామూలు స్విచ్ పెట్టించండి, అన్నిటికన్నా చవక అదే.

ఒక్కటి తెచ్చి పరీక్షించండి

వరసలో మొదటి దీపానికి ఒకే ఒక బల్బు తెచ్చి, రెండు మూడు సాయంత్రాలు దాని వెలుగులో గడపండి. పగలు వేసి చూసి తీర్పు ఇవ్వకండి.

కంటికి కనిపించని వణుకు ఉందేమో ఇలా తెలుసుకోండి. గదిలో మిగతా దీపాలు ఆపి, ఆ ఒక్క బల్బు వెలుగులో ఒక పెన్సిలును వేగంగా అటూ ఇటూ ఊపండి. పెన్సిలు మసకగా ఒకే పొరలా కదిలితే బల్బు మంచిది. విడివిడిగా నాలుగైదు పెన్సిళ్లు ఆగి ఆగి కనిపిస్తే ఆ బల్బు సెకనుకు వందసార్లో అంతకెక్కువో వెలిగి ఆరుతోందన్నమాట. ఫోను కెమెరా తెరిచి బల్బు మీద పెట్టినా నల్లటి చారలు పాకుతూ కనిపిస్తాయి. ఇలాంటి వెలుగులో గంటలకొద్దీ చదివితే కొందరికి తలనొప్పి వస్తుంది. దాన్ని తిరిగిచ్చేయండి.

మిగులు కళ్లారా చూడాలంటే మీటరు దగ్గరకు వెళ్లండి. చాలా డిజిటల్ మీటర్ల మీద ఒక ఎర్ర చుక్క మిణుకుతుంది, పక్కన ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. అది 3,200 అనుకుందాం. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి 60 వాట్ల పాత బల్బు ఒక్కటే వేస్తే దాదాపు 19 సెకన్లకోసారి మిణుకుతుంది. దాని స్థానంలో 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి చూడండి, తర్వాతి మిణుకు కోసం రెండు నిమిషాలకు పైగా నిలబడాలి. ఇంట్లో నమ్మనివాళ్లుంటే వాళ్లనూ పిలవండి.

బిగించేటప్పుడు

స్విచ్ ఆపడం చాలదు, మెయిన్ కూడా ఆపండి. పాత బల్బు చల్లారేదాకా ఆగండి. చెక్క లేదా ఫైబర్ నిచ్చెన వాడండి. కొత్త బల్బును పైనున్న తెల్లటి బుడగ పట్టుకుని కాక, మెడ పట్టుకుని తిప్పండి. హోల్డర్ నల్లబడి ఉన్నా, పిన్ను హోల్డర్‌లో స్ప్రింగులు వదులై ఉన్నా ముందు హోల్డర్ మార్చండి. ఏళ్ల తరబడి పాత బల్బు వేడికి ఉడికిన హోల్డర్లు పెళుసుబారి ఉంటాయి. వదులు కాంటాక్టు వల్ల చిటపటలాడి కొత్త బల్బు కూడా పోతుంది.

బిగించే ముందు మెడ మీద మార్కర్‌తో నెల, సంవత్సరం రాయండి, బిల్లు దాచండి. వారంటీ అడగాల్సి వచ్చినప్పుడు ఏ బల్బు ఎప్పటిదో తేల్చుకోలేక వదిలేసేవాళ్లే ఎక్కువ. డబ్బా మీది 25,000 గంటలు అంటే ఆ తర్వాత ఆరిపోతుందని కాదు. సాధారణంగా అది వెలుగు మొదటి రోజుతో పోలిస్తే 70 శాతానికి తగ్గే కాలం.

ట్యూబ్‌లైట్లు, హాలోజన్లు

నాలుగడుగుల 36 వాట్ల ట్యూబ్ పాత ఇనుప చోక్‌తో కలిపి 45 వాట్ల దాకా తీసుకుంటుంది. ఎల్‌ఈడీ అయితే 18 నుంచి 20. పాత పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబ్ పెట్టుకోవచ్చు. కానీ కొన్ని ట్యూబులు చోక్ ఉంచి స్టార్టర్ మాత్రం మార్చాలంటాయి, కొన్ని చోక్ తీసేసి నేరుగా కరెంటు ఇవ్వాలంటాయి. రెండూ కలగాపులగమైతే ప్రమాదం. పట్టీతో సహా మొత్తం తీసి, పట్టీ, దీపం ఒకటిగా వచ్చే ఎల్‌ఈడీ బ్యాటన్ పెట్టించడమే నా ఓటు. అది ఎలక్ట్రీషియన్ పని.

చిన్న హాలోజన్ స్పాట్‌లైట్లలో, ఇంటి కరెంటు మీదే నడిచే జీయూ10 రకం నేరుగా మార్చుకోవచ్చు. 12 వోల్టుల మీద నడిచే ఎమ్‌ఆర్16 రకం వెనక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అదీ పాత డిమ్మర్ లాగే తక్కువ లోడుకు మొరాయిస్తుంది, ఎల్‌ఈడీ డ్రైవర్‌తో మార్చాలి.

స్విచ్ ఆపినా మిణుకుమంటోందా?

భయపడక్కర్లేదు, కానీ కారణం తెలుసుకోవాలి. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే దాని గుండా పారే అతికొద్ది కరెంటు ఎల్‌ఈడీని మసగ్గా వెలిగించగలదు. పాత బల్బుకు అది ఆనేది కాదు. ఇండికేటర్ లేని స్విచ్ పెడితే పోతుంది. ఇండికేటర్ లేకున్నా వెలుగుతోందంటే వైరింగులో ఫేజుకు బదులు న్యూట్రల్‌ను స్విచ్‌కు కలిపారేమో అనుమానించాలి. అలాంటప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను వెంటనే పిలిచి సరిచేయించుకోండి.

తీసేసిన వాటిని ఏం చేయాలి?

ఫిలమెంటు బల్బులో విషమేమీ లేదు. కాగితంలో చుట్టి మామూలు చెత్తలో వేయవచ్చు, గాజు కాబట్టి చెత్త ఎత్తేవాళ్ల చేతులకు గుచ్చుకోకుండా చూడండి. పోయిన ఎల్‌ఈడీ ఎలక్ట్రానిక్ వ్యర్థం, పాత ఫోన్లు ఇచ్చే చోటే ఇవ్వాలి. సీఎఫ్‌ఎల్, ట్యూబులు పగలకుండా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేచోట అప్పగించాలి.

సీఎఫ్‌ఎల్ చేతిలోంచి జారి పగిలితే పిల్లలను, పెంపుడు జంతువులను బయటికి పంపి, కిటికీలు తెరిచి, ఫ్యాను, ఏసీ ఆపి పది నిమిషాలు గది వదిలేయండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వద్దు, అవి పాదరసాన్ని చెదరగొడతాయి. గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది తీసి, తడి కాగితంతో నేల తుడవండి. అన్నిటినీ మూత గట్టిగా పట్టే సీసాలో వేసి, ట్యూబులతో పాటే అప్పగించండి.